సూది మొన మీద దొరికేది, ఫారం మీద రాయాల్సింది

(శ్రీకాకుళంలో వైద్యులు, ల్యాబ్ సిబ్బంది కూర్చున్న సభలో అరుదైన కిడ్నీ కేన్సర్లు, ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సన్న సూది పరీక్ష గురించి ఒక సైటోపాథాలజిస్ట్, అంటే కణాల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టర్, చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పీజీలున్నారు, మధ్యలో ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, వెనకాల పీహెచ్‌సీల నుంచి వచ్చిన డాక్టర్లు, కొందరు ఆశా కార్యకర్తలు కూడా కనిపిస్తున్నారు. అందుకే తెలుగులో మాట్లాడమన్నారు. మైక్రోస్కోపు మాటలు కొన్ని తప్పవు. కాస్త ఓపిక పట్టండి.

శ్రీకాకుళంలో కిడ్నీ అనగానే అందరి మనసూ ఉద్దానం వైపు పోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. అక్కడున్నది కిడ్నీ మెల్లగా పనిచెయ్యడం మానేసే జబ్బు. దానికి కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. ఇవాళ నా విషయం అది కాదు, కిడ్నీలో పుట్టే గడ్డలు. రెండూ వేరు వేరు సంగతులు. అయితే ఒకచోట కలుస్తాయి, డయాలసిస్ గది దగ్గర. అక్కడికి తర్వాత వస్తాను.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే, ముందే చెప్పేస్తాను. అరుదైన కిడ్నీ కేన్సర్ జిల్లా స్థాయిలో మన చేతుల్లోంచి జారిపోవడానికి అసలు కారణం పరికరాలు లేకపోవడం అని నేననుకోను. సూదిలో వచ్చిన సరుకంతా స్లైడ్ల మీద పూసేసి సెల్ బ్లాక్‌కి (ఆ కణాల్ని మైనంలో ముద్దగా చేసి దాచుకునేది) ఏమీ మిగల్చకపోవడం ఒక కారణం. రిక్వెస్ట్ ఫారం మీద "కిడ్నీలో గడ్డ, ఎఫ్‌ఎన్‌ఏసీ చేయగలరు" అని మాత్రమే రాసి పంపడం రెండోది. ఈ రెండూ సరిచేసుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

అసలు కిడ్నీలోకి సూది ఎప్పుడు వెయ్యాలి? నిజానికి చాలా కిడ్నీ గడ్డలకి సూది అవసరమే ఉండదు. కాంట్రాస్ట్, అంటే స్కాన్‌లో భాగాలు స్పష్టంగా కనబడేలా చేసే మందు, ఇచ్చి తీసిన సీటీలో గడ్డ స్పష్టంగా కేన్సర్‌లా ఉండి, మనిషి ఆపరేషన్‌కి తట్టుకునేలా ఉంటే సర్జన్ నేరుగా తీసేస్తారు. అది సరైన పద్ధతే. సూది ఎక్కడ కావాలంటే, జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకో ఎముకలకో పాకి, ఆపరేషన్ కాకుండా మందులు మొదలుపెట్టాల్సి ఉన్నప్పుడు. అది లింఫోమా (లింఫ్ కణాల కేన్సర్) ఏమో అని అనుమానం వచ్చినప్పుడు. వేరేచోట కేన్సర్ ఉన్న మనిషికి కిడ్నీలో గడ్డ కనబడి, అది కొత్తదా, పాతదే ఇక్కడికి వచ్చిందా అని తేల్చాల్సినప్పుడు. ఉన్నది ఒక్క కిడ్నీయే అయినప్పుడు. నాలుగు సెంటీమీటర్ల లోపు చిన్న గడ్డ అయితే కూడా, ఎందుకంటే అలాంటివాటిలో దాదాపు ఐదింట ఒకటి కేన్సరే కాదు. ఇక మన జిల్లాకి ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగా ఉన్న, అంటే కిడ్నీ సరిగా పనిచెయ్యని మనిషికి కాంట్రాస్ట్ ఇవ్వడానికి రేడియాలజిస్ట్ వెనకాడతారు. అప్పుడు సీటీ సగం మాటే చెప్పగలదు. మిగతా సగం సూదే చెప్పాలి.

ఇక్కడ పేషెంట్లు అడిగే ప్రశ్న ఒకటే. "సూది గుచ్చితే కేన్సరు ఒళ్లంతా పాకిపోద్దంట, నిజమేనా బాబూ?" ఈ భయాన్ని నవ్వి తీసిపారెయ్యకండి. సూది వెళ్లిన దారిలో కణాలు నాటుకుపోవడం పూర్తిగా కట్టుకథ కాదు. అలాంటి కేసులు ప్రచురించారు, అందులో పాపిల్లరీ రకానివి కాస్త ఎక్కువ. కానీ అది చాలా చాలా అరుదు. మనం వాడే సూది 22 నుంచి 25 గేజ్ మధ్యది, అంటే మందం అర మిల్లీమీటర్ నుంచి ముప్పావు మిల్లీమీటర్ లోపే. అసలు కంగారు పడాల్సింది రక్తస్రావం గురించి. కిడ్నీ ఫెయిలైన మనిషిలో ప్లేట్‌లెట్ల లెక్క బాగానే ఉంటుంది, అవి సరిగా పనిచెయ్యవు. కౌంట్ చూసి ధీమాగా ఉండకండి. బీపీ అదుపులో ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఎప్పుడిచ్చారు, ఇవన్నీ అడిగాకే సూది పట్టుకోవాలి.

పెద్ద కేన్సర్ ఆసుపత్రుల్లో కిడ్నీకి ఇప్పుడు ఎక్కువగా కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో చిన్న ముక్క తియ్యడం, చేస్తున్నారు. అది మంచిదే. రెండూ కలిపి చేస్తే ఇంకా మంచిది. ఎఫ్‌ఎన్‌ఏసీ కొత్త విద్యేమీ కాదు. 1930లోనే న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్లో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు సూదితో గడ్డల్ని పరీక్షించి ప్రచురించారు. ఆ తర్వాత దీన్ని నిలబెట్టింది స్వీడన్ వాళ్లు. స్లైడ్ మీద తడి ఆరనిచ్చి గీమ్సా స్టెయిన్ (రంగు) వేసే అలవాటు మనకి అక్కడి నుంచే వచ్చింది.

బియ్యం బస్తా కొనేటప్పుడు వ్యాపారి ఏం చేస్తాడు? మొన ఉన్న ఇనప గొట్టం గుచ్చి నాలుగు గింజలు లాగి అరచేతిలో పోసుకుని చూస్తాడు. ఆ నాలుగు గింజలు బస్తాలో ఆ మూల ఎలా ఉందో చెబుతాయి. మన సూదీ అంతే. పెద్ద కిడ్నీ గడ్డల్లో నడిమధ్య భాగం కుళ్లిపోయి ఉంటుంది. అక్కడ గుచ్చితే చచ్చిన కణాలూ రక్తమూ తప్ప ఏమీ రావు. రేడియాలజీ మిత్రులకి నా విన్నపం ఏమిటంటే, గడ్డ అంచున, కాంట్రాస్ట్ బాగా పట్టిన చోట గుచ్చండి. కాంట్రాస్ట్ ఇవ్వలేకపోతే డాప్లర్‌లో రక్తం తిరుగుతున్న చోటు చూసుకోండి. కిడ్నీకి రక్తం ఎక్కువ కాబట్టి సిరంజితో గట్టిగా లాగితే స్లైడ్ నిండా ఎర్ర కణాలే ఉంటాయి. మొదటి విడత అసలు లాగకుండా, సూదిని మాత్రమే ముందుకీ వెనక్కీ ఆడించి తియ్యండి. తేడా మీకే తెలుస్తుంది.

వీలైతే సూది వేస్తున్న గదిలోనే ఒక స్లైడ్‌కి చప్పున స్టెయిన్ వేసి చూడాలి. కణాలు వచ్చాయో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. వస్తే, తర్వాతి విడత మొత్తం సెల్ బ్లాక్‌కే. ఈ మాట టెక్నీషియన్లు గుర్తుపెట్టుకోవాలి. అరుదైన రకాల్ని తేల్చేవి యాంటీబాడీ పరీక్షలు, అంటే కణంలో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో రంగుతో చూపించేవి. వాటికి బ్లాక్ కావాలి.

మామూలు కిడ్నీ కణాలు కూడా మోసం చేస్తాయి. కిడ్నీ సన్న గొట్టాల (ట్యూబ్యూల్) మంచి కణాలు గులాబీరంగు సైటోప్లాజంతో, అంటే కేంద్రకం చుట్టూ ఉండే పదార్థంతో, గుంపుగా వస్తే ఆంకోసైటోమా అనే సాధు గడ్డలా కనబడతాయి. రక్తాన్ని వడగట్టే నాళాల చుట్ట, గ్లోమెరులస్, పూర్తిగా ఊడి వస్తే వేళ్లలా పెరిగే పాపిల్లరీ కేన్సరేమో అని గుండె ఝల్లుమంటుంది. కుడి కిడ్నీకి సూది వేసేటప్పుడు దారిలో లివర్ తగులుతుంది. పసుపుపచ్చ బైల్ రంగు ఉన్న కణాలు కనిపిస్తే ఆగి ఆలోచించండి.

ఎక్కువగా కనబడే రకాలు త్వరగా చెప్పేస్తాను, పుస్తకాల్లో ఉన్నవే. కిడ్నీ కేన్సర్లలో నాలుగింట మూడు వంతులు క్లియర్ సెల్ రకం. పలచటి, బుడగలు బుడగలుగా చిరిగిపోయే సైటోప్లాజం, గుంపుల మధ్య నుంచి పోయే సన్నటి రక్తనాళాలు. 1883లో గ్రావిట్జ్ అనే జర్మన్ పాథాలజిస్ట్ ఇవి దారి తప్పిన అడ్రినల్ కణాల నుంచి పుడతాయని అనుకున్నాడు. అందుకే మా గురువుల తరం దీన్ని హైపర్‌నెఫ్రోమా అనేది. ఇప్పటికీ కొన్ని స్కాన్ రిపోర్టుల్లో ఆ మాట కనబడుతుంది. పాపిల్లరీ రకం పది పదిహేను శాతం. నురుగు కణాలు, సైటోప్లాజంలో ఇనుము మరకలు ఉంటాయి. క్రోమోఫోబ్ ఐదు శాతం. స్పష్టమైన కణం అంచు, ముడతలు పడ్డ కేంద్రకం, దాని చుట్టూ తెల్లటి వలయం, రెండేసి కేంద్రకాలు. ఇవి సూదితో గుర్తుపట్టడం చాలాసార్లు సాధ్యమే.

మిగిలిన కొద్ది శాతం ఇవాళ్టి మన విషయం. 2022లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ చూస్తే కొన్ని కేన్సర్లకి రూపం బట్టి కాక జన్యులోపం బట్టి పేర్లు పెట్టారు. చూపుతో మాత్రమే గుర్తుపట్టలేం అని వాళ్లే ఒప్పుకున్నట్టు. మరి మనం ఏం చెయ్యాలి? అనుమానించడం నేర్చుకోవాలి. అనుమానం కలగడానికి సగం ఆధారం స్లైడ్‌లో ఉంటుంది, సగం మనిషి కథలో ఉంటుంది.

వయసుతో మొదలుపెడదాం. చిన్నపిల్లల్లో, ముప్పై లోపు వాళ్లలో కిడ్నీ కేన్సర్ అంటే ముందు ట్రాన్స్‌లొకేషన్ రకం గుర్తుకు రావాలి. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న టీఎఫ్‌ఈ-3 జన్యువు తెగి ఇంకో జన్యువుకి అతుక్కుంటుంది. 2004 వర్గీకరణలో దీన్ని మొదటిసారి విడిగా చేర్చారు. స్మియర్‌లో, అంటే స్లైడ్ మీద పూసిన పొరలో, పెద్ద పెద్ద కణాలు, విస్తారమైన సైటోప్లాజం, కొంత తెల్లగా కొంత గులాబీరంగులో. పాపిల్లా ఆకారాలు, మధ్యలో గుండ్రటి సున్నపు రేణువులు. ఇక్కడ చిక్కేమిటంటే, కేన్సర్ కణం అనగానే మనం నమ్ముకునే కెరటిన్ పరీక్ష ఇందులో బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి అసలు రాదు. కెరటిన్ రాలేదు కాబట్టి కార్సినోమా కాదు అని రాసేశామా, దారి తప్పినట్టే. చిన్నప్పుడు వేరే జబ్బుకి కీమోథెరపీ తీసుకున్న పిల్లల్లో తర్వాత ఈ రకం వచ్చిన కేసులున్నాయి. కాబట్టి ఫారం మీద "గతంలో కీమో" అన్న రెండు మాటలు మాకు చాలా విలువైనవి. మరీ చిన్నపిల్లల్లో, అయిదారేళ్ల లోపు అయితే విల్మ్స్ ట్యూమర్ అనే పిల్లల కిడ్నీ కేన్సర్ మొదటి అనుమానం. అందులో సూది వెయ్యాలా వద్దా అన్నదే వైద్య బృందాల మధ్య పెద్ద చర్చ. అమెరికా పద్ధతిలో ముందు సూది వేస్తే స్టేజ్ పెరిగినట్టు లెక్క. యూరప్ పద్ధతిలో ఆపరేషన్‌కి ముందే కీమో ఇస్తారు. పిల్లల కేన్సర్ డాక్టర్‌ని అడక్కుండా చంటిపిల్లల కిడ్నీలో సూది పెట్టొద్దు. ఇంతకంటే ఇవాళ దాని గురించి చెప్పను.

ఇప్పుడు మన ఏజెన్సీ సంగతి. సీతంపేట, పార్వతీపురం వైపు కొండ ప్రాంతాల్లో, సవర, జాతాపు కుటుంబాల్లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే సికిల్ సెల్ జబ్బు ఉందని మీ అందరికీ తెలుసు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. సికిల్ ట్రెయిట్, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువే వచ్చినవాళ్లు, మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ కిడ్నీ లోపలి భాగంలో, మెడుల్లాలో, ఆక్సిజన్ తక్కువ, ఉప్పు సాంద్రత ఎక్కువ. ట్రెయిట్ ఉన్నవాళ్ల ఎర్ర కణాలు కూడా అక్కడ వంకర తిరుగుతాయి. అక్కడ పుట్టే ఒక కేన్సర్ ఉంది, రీనల్ మెడుల్లరీ కార్సినోమా. 1995లో అమెరికా సైనిక పాథాలజీ సంస్థ వాళ్లు దీన్ని విడి జబ్బుగా వర్ణించారు. పదేళ్ల నుంచి నలభై ఏళ్ల లోపు మనుషులు, ఎక్కువగా మగపిల్లలు, ఎక్కువసార్లు కుడి కిడ్నీ. మన దగ్గరికి వచ్చేసరికే పాకిపోయి ఉంటుంది.

ఇది విని రేపు ఏజెన్సీ గ్రామాల్లో "ట్రెయిట్ ఉంటే కేన్సర్ వస్తుంది" అని ఎవరూ చెప్పకండి. ఆశా అమ్మలూ, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇది అత్యంత అరుదైన జబ్బు. ట్రెయిట్ ఉన్న లక్షల మందికి జీవితంలో ఇది రాదు. మూత్రంలో రక్తం పడినా ఎక్కువసార్లు కారణం వేరే ఉంటుంది. అయినా ట్రెయిట్ ఉన్న కుర్రాడికి నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే ఒక్కసారి స్కాన్ చేయించాలి. అంతే.

స్మియర్‌లో ఇది ఎలా ఉంటుందంటే, మొరటుగా ఉంటుంది. పెద్ద కేంద్రకాలు, లావుపాటి న్యూక్లియోలస్ (కేంద్రకం లోపలి చుక్క), సైటోప్లాజంలో కేంద్రకాన్ని ఒక పక్కకి నెట్టేసే గుండ్రటి ముద్ద, చుట్టూ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. దీన్ని చూసి "హై గ్రేడ్ కార్సినోమా" అని ఎవరైనా రాయగలరు. దాన్ని దాటి ముందుకెళ్లాలంటే సికిల్ సంగతి తెలియాలి. అది తెలిస్తే ఐఎన్‌ఐ-1 అనే ఒక్క యాంటీబాడీ అడుగుతాం. మామూలు కణాలన్నిటి కేంద్రకాల్లో ఉండే ఆ ప్రోటీన్ ఈ కేన్సర్ కణాల్లో మాయమైపోతుంది. పక్కనున్న లింఫోసైట్ కేంద్రకం గోధుమరంగులో, కేన్సర్ కేంద్రకం నీలంగా. చూసినవాళ్లు మరిచిపోరు. తేల్చితే ఏం లాభం అంటారా? క్లియర్ సెల్ రకానికి వాడే టార్గెటెడ్ మాత్రలు దీనికి పనిచెయ్యవు. ప్లాటినం ఉన్న కీమో కాస్త పనిచేస్తుంది. ఉన్న సమయమే తక్కువ. ఆ తక్కువ సమయం పనికిరాని మాత్రల మీద పోకూడదు.

తర్వాతది ఆడవాళ్ల విషయం. ఫ్యూమరేట్ హైడ్రటేజ్ (ఎఫ్‌హెచ్) అనే ఎంజైమ్ లోపం వల్ల వచ్చే కిడ్నీ కేన్సర్. 2002లో ఆ జన్యువు దొరికింది. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. చర్మం మీద నొప్పి పుట్టే చిన్న చిన్న బుడిపెలు, చిన్న వయసులోనే గర్భసంచిలో పెద్ద పెద్ద ఫైబ్రాయిడ్లు, ఆ తర్వాత కిడ్నీ. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే పాకే స్వభావం దీనిది. స్లైడ్‌లో ఒక గుర్తు ఉంటుంది. కేంద్రకం మధ్యలో ఎర్రటి పెద్ద న్యూక్లియోలస్, దాని చుట్టూ ఖాళీ వలయం. వైరస్ ఇన్‌క్లూజన్ (కణంలో వైరస్ చేసే ముద్ద) అని భ్రమపడేంత పెద్దది. అయితే ఈ గుర్తు అన్ని కణాల్లో ఉండదు, వెతకాలి. వెతకాలని ఎవరు చెప్పాలి? మళ్లీ ఫారమే చెప్పాలి.

ఇక్కడ మన రాష్ట్రంలో ఒక ఇబ్బంది ఉంది. చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. అందులో చాలావరకు అవసరం లేకుండా జరిగాయన్నది నా అభిప్రాయం. ఆ గొడవ ఇవాళ వద్దు. కాబట్టి "గర్భసంచి ఆపరేషన్ అయ్యింది" అని మాత్రమే రాస్తే మాకు ఏ సంకేతమూ అందదు. ఎందుకు తీశారు, ఎన్నేళ్లప్పుడు, గడ్డలు ఎన్ని, అమ్మకీ అక్కకీ అలాగే జరిగిందా, ఇవి అడగాలి. "ఏటమ్మా, మీ అమ్మకీ గడ్డలే ఉండేవా?" అని అడిగితే ఎవరైనా చెబుతారు. అడిగినవాళ్లకే చెబుతారు. అనుమానం నిజమైతే ఆ కుటుంబంలో మిగతావాళ్లకి జన్యుపరీక్ష, ఏటా ఎంఆర్‌ఐ లాంటి నిఘా అవసరమవుతుంది. ఒక స్లైడ్ వెనకాల ఇంటెడు మనుషులుంటారు.

అందరినీ భయపెట్టేవే చెబుతున్నానని అనుకోవద్దు. అరుదైనవాటిలో సాధువులు కూడా ఉన్నాయి. మ్యూసినస్ ట్యూబ్యులర్ స్పిండిల్ సెల్ కార్సినోమా అని పొడుగాటి పేరు. ఆడవాళ్లలో ఎక్కువ. చిన్న, ఒకేలా ఉండే కణాలు, కొన్ని సన్నగా పొడుగ్గా, వాటి చుట్టూ గీమ్సాలో ముదురు వంగపండు రంగులో మెరిసే మ్యూసిన్ అనే జిగురు. గీమ్సా వెయ్యకుండా పాప్ స్టెయిన్ మాత్రమే వేస్తే ఈ మ్యూసిన్ దాదాపు కనబడదు. పొడుగు కణాలు చూసి సార్కోమా అనో, సార్కోమటాయిడ్ మార్పు అనో రాస్తే, నెమ్మదిగా ఉండే జబ్బుకి భయంకరమైన పేరు పెట్టినట్టు. రెండు రకాల స్మియర్లూ ఎందుకు చెయ్యాలో దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక డయాలసిస్ గదికి వద్దాం. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, రెండు వందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జిల్లాలో డయాలసిస్ కేంద్రాలు పెరిగాయి. డయాలసిస్ దగ్గర్లో దొరికితే మనుషులు ఎక్కువ కాలం బతుకుతారు. కావలసింది అదే. కానీ ఏళ్ల తరబడి డయాలసిస్ మీదున్న కిడ్నీలో నీటి తిత్తులు పుడతాయి. మూడేళ్లు దాటాక కనబడటం మొదలవుతుంది, పదేళ్లు దాటినవాళ్లలో ఎక్కువమందికి ఉంటాయి. ఆ తిత్తుల్లోంచి కొందరికి కేన్సర్ వస్తుంది. అందులో ఒక రకం మరెక్కడా రాదు, ఈ కిడ్నీల్లోనే వస్తుంది. పేరు కూడా అదే, అక్వైర్డ్ సిస్టిక్ డిసీజ్‌తో వచ్చే రీనల్ సెల్ కార్సినోమా. గులాబీరంగు సైటోప్లాజం, పెద్ద న్యూక్లియోలస్, జల్లెడలా చిల్లులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆక్సలేట్ స్ఫటికాలు. పోలరైజర్ పెట్టి చూస్తే తళతళమంటాయి. మీ మైక్రోస్కోపుకి పోలరైజర్ ఉండే ఉంటుంది. బీరువాలో వెతకండి.

అదే చెడిపోయిన కిడ్నీల్లో ఇంకొకటి కనబడుతుంది, క్లియర్ సెల్ పాపిల్లరీ రకం. 2022 వర్గీకరణలో దాని పేరులోంచి "కార్సినోమా" తీసేసి "ట్యూమర్" అని పెట్టారు, పాకదని తేలింది కాబట్టి. మామూలు క్లియర్ సెల్ కేన్సర్‌లో సీకే-7 అనే ప్రోటీన్ సాధారణంగా రాదు, ఇందులో బలంగా వస్తుంది. ఈ ఒక్క యాంటీబాడీ ఒక మనిషిని పెద్ద ఆపరేషన్ నుంచి తప్పించవచ్చు. అప్పటికే డయాలసిస్ మీద, గుండె బలహీనంగా ఉన్న రైతుకి అది చిన్న విషయం కాదు. నెఫ్రాలజీ మిత్రులు నా మీద కోప్పడకపోతే ఒక మాట. డయాలసిస్ మీద కొన్నేళ్లు దాటినవాళ్లకి అప్పుడప్పుడు ఒక అల్ట్రాసౌండ్ చూడండి. కిడ్నీ ఎలాగూ పనిచెయ్యదు కదా అని అటు చూడటమే మానేస్తున్నాం. ఫారం మీద "డయాలసిస్, ఎనిమిదేళ్లు" అని రాయండి. ఉత్త "సీకేడీ" (దీర్ఘకాల కిడ్నీ జబ్బు) సరిపోదు.

కిడ్నీ మధ్యలో, మూత్రం చేరే పెల్విస్ దగ్గర ఉన్న గడ్డలు వేరే తలనొప్పి. కలెక్టింగ్ డక్ట్ కార్సినోమా ఒకవైపు, యూరోథీలియల్ కార్సినోమా, అంటే మూత్రం దారి లోపలి పొర నుంచి పుట్టేది, ఒకవైపు. మొదటిదాన్ని బెల్లినీ నాళాల కేన్సర్ అని కూడా అంటారు. అది చాలా అరుదు, పైగా మిగతావన్నీ కాదని తేలాకే ఆ పేరు పెట్టాలి. సూది సరుకు మీద ఖాయంగా ఆ పేరు రాసేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం. రెండోదాన్ని మాత్రం విడదీసి తీరాలి, ఎందుకంటే ఆపరేషనే మారిపోతుంది. కిడ్నీతో పాటు యురేటర్ (కిడ్నీ నుంచి దిగే మూత్రనాళం), మూత్రాశయంలో కొంత అంచు కూడా తియ్యాలి. తోక ఉన్న కణాలు, దట్టమైన సైటోప్లాజం కనిపిస్తే గాటా-3, పీ-63 అనే యాంటీబాడీలు అడగండి. పాక్స్-8 వస్తే కిడ్నీ వైపు మొగ్గు. కానీ పెల్విస్ నుంచి వచ్చే యూరోథీలియల్ కేన్సర్‌లో కూడా పాక్స్-8 కొన్నిసార్లు వస్తుంది. ఒక్క యాంటీబాడీని పట్టుకుని ఊగకండి.

కేన్సర్ కానివి కూడా చెప్పాలి, లేకపోతే మోసపోతాం. మన ఎండలకి కిడ్నీ రాళ్లు ఎక్కువ. పెద్ద రాయి ఇరుక్కుని, చీము పట్టి, కిడ్నీ ముద్దలా మారితే దాన్ని శాంతోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్ అంటాం. సీటీలో కేన్సర్‌లా, స్లైడ్‌లో నురుగు కణాలు క్లియర్ సెల్ కేన్సర్‌లా ఉంటాయి. చుట్టూ న్యూట్రోఫిల్స్, ప్లాస్మా కణాలు, బహుళ కేంద్రకాల కణాలు చూసి ఆగాలి. సీడీ-68 యాంటీబాడీ వేస్తే తేలుతుంది. కిడ్నీ క్షయ కూడా ఇలాగే దొంగవేషం వేస్తుంది, క్షయ క్రిముల్ని చూపే ఏఎఫ్‌బీ స్టెయిన్ మరవొద్దు. ఆంజియోమయోలైపోమా అనే కేన్సర్ కాని గడ్డలో కొవ్వు తక్కువగా ఉంటే సీటీ చెప్పలేదు. పొడుగు కణాలు వస్తాయి, కెరటిన్ రాదు, హెచ్‌ఎంబీ-45 వస్తుంది. లింఫోమా అయితే విడివిడి కణాలు, చుట్టూ నీలం చుక్కలు. అది తెలిస్తే కిడ్నీ తియ్యనక్కర్లేదు, కీమో ఇస్తారు. సూది పరీక్ష ఇంకేమీ చెయ్యకపోయినా ఈ ఒక్క పనికే దాని జీతం దానికి గిట్టుబాటు.

రిపోర్టు రాసే పీజీలకి నాలుగు మాటలు. "రీనల్ సెల్ కార్సినోమా, రకం సూది సరుకులో తేలలేదు" అని రాయడం సిగ్గుపడాల్సిన పని కాదు. దాని కింద ఏ అనుమానం ఉందో, ఏ పరీక్ష చేస్తే తేలుతుందో ఒక వాక్యం రాయండి. ఆంకోసైటోమానా, క్రోమోఫోబా అన్నది సూదితో ప్రతిసారీ తెగకపోవచ్చు. "ఆంకోసైటిక్ గడ్డ" అని రాసి వదిలెయ్యండి, సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడండి. బ్లాక్‌లో సరుకు తక్కువగా ఉంటుంది కాబట్టి యాంటీబాడీలు ఒకేసారి పది ఆర్డర్ చెయ్యకండి. ముందు పాక్స్-8, సీకే-7, సీఏ-9 చూడండి. అప్పుడు కథని బట్టి టీఎఫ్‌ఈ-3నా, ఐఎన్‌ఐ-1నా, ఎఫ్‌హెచ్‌నా అన్నది తేల్చుకోండి. మిగిలిన బ్లాక్ దాచండి. మన దగ్గర ఆ యాంటీబాడీ లేకపోతే బ్లాక్‌ని విశాఖ పంపవచ్చు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. మనిషిని బస్సెక్కించి మళ్లీ సూది వేయించడం కంటే బ్లాక్‌ని పంపడం ఎంత తేలికో ఆలోచించండి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ అంటే ఆ ఇంటికి ఒక రోజు కూలి, తోడొచ్చినవాళ్లది ఇంకో రోజు కూలి.

ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

సభలో ఒక పీజీ: సర్, కోర్ బయాప్సీ వచ్చాక ఇంకా ఎఫ్‌ఎన్‌ఏసీ నేర్చుకోవడం ఎందుకండీ?

కోర్ చెయ్యగలిగిన చోట చెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కోర్ తీశాక దాన్ని స్లైడ్ మీద మెల్లగా తాకించి తీస్తే వచ్చే ముద్ర చదవాలన్నా ఇదే చదువు కావాలి. రక్తస్రావం భయం ఉన్న మనిషికి సన్న సూదే దిక్కు. రెండు మూడు చోట్ల గుచ్చి చూడటం సన్న సూదితోనే తేలిక. ఊపిరితిత్తిలోనో మెడ గ్రంథిలోనో పాకిన గడ్డకి సూది వేసినప్పుడు, ఇది కిడ్నీ నుంచి వచ్చిందని గుర్తుపట్టాల్సింది మీరే. అప్పటికి కిడ్నీకి స్కాన్ కూడా అయ్యుండదు.

ఒక ల్యాబ్ టెక్నీషియన్: మా దగ్గర సెల్ బ్లాక్ కిట్లు లేవండి. సెంట్రిఫ్యూజ్ కూడా ఎప్పుడూ రిపేరే. ఎలా చెయ్యమంటారు?

మంచి ప్రశ్న. కిట్ అక్కర్లేదు. కిడ్నీ సూదిలో రక్తం ఎలాగూ వస్తుంది, దాన్నే వాడుకుందాం. సూదిలో ఉన్నదాన్ని వాచ్ గ్లాస్‌లోనో శుభ్రమైన స్లైడ్ మీదో ఒకే చుక్కగా వదలండి. కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకడుతుంది. హెపారిన్ ఉన్న సిరంజి మాత్రం వాడకండి, గడ్డ కట్టదు. ఆ గడ్డని సూది మొనతో మెల్లగా లేపి, ఫిల్టర్ పేపర్ మీద పెట్టి, మడత పెట్టి, పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వెయ్యండి. తర్వాత మామూలు బయాప్సీలాగే ప్రాసెసింగ్. స్పిరిట్‌లో వెయ్యొద్దు, యాంటీబాడీలు సరిగా పట్టవు. ఫార్మలిన్‌లో కనీసం ఆరు గంటలు ఉండాలి, మూడు రోజులు దాటకూడదు. అంటే శనివారం మధ్యాహ్నం వచ్చిన సరుకు మంగళవారం దాకా సీసాలో ఉండిపోకుండా చూసుకోండి. సీసా మీద పేరుతో పాటు టైమ్ కూడా రాయండి.